ఇంకుడు గుంత గిట్టుబాటు అవుతుందా? మీ అపార్ట్‌మెంట్ లెక్క మీరే వేసుకోండి

ముందు ట్యాంకర్ల పుస్తకం తీయండి. ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఒకటి ఉంటుంది, వాచ్‌మన్ గదిలో మేకుకు వేలాడుతూనో, ట్రెజరర్ గారి బీరువాలో రసీదుల కట్ట కిందో. కనీసం రెండేళ్లవి కావాలి, ఎందుకంటే వానలు బాగా పడిన ఏడాది ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది, ఎండిపోయిన ఏడాది ఒక్కటే చూస్తే గాభరా పుడుతుంది. ఏ నెలలో ఎన్ని వచ్చాయి, ఒక్కోటి ఎన్ని లీటర్లది, ఎంత కట్టారు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వాతావరణ మార్పును తట్టుకోవడం, ప్రకృతి సాయంతో పరిష్కారాలు అని పెద్ద పెద్ద మాటలు వింటుంటాం కదా, వాటి లెక్క మన దగ్గర మొదలయ్యేది ఈ కాగితం మీదే.

2019లో గ్లోబల్ కమిషన్ ఆన్ అడాప్టేషన్ అనే అంతర్జాతీయ కమిషన్ ఒక అంచనా వేసింది. 2030 దాకా ప్రపంచమంతా కలిపి 1.8 ట్రిలియన్ డాలర్లు ఇలా తట్టుకునే పనుల్లో పెడితే 7.1 ట్రిలియన్ డాలర్ల లాభం వస్తుందని. రూపాయికి దాదాపు నాలుగు రూపాయలు. నేను ఉత్సాహంగా మా అసోసియేషన్ మీటింగ్‌లో ఈ మాట చెబితే, వెనక కుర్చీలో ఉన్న రెండో అంతస్తు అంకుల్ ఒకే ఒక్క మాట అడిగారు: "ఆ నాలుగు రూపాయలు ఎవరి జేబుల పడతయ్ సార్?" నాకు అప్పుడు జవాబు తోచలేదు. తర్వాత ఆలోచిస్తే ఈ మొత్తం వ్యవహారంలో అసలు ప్రశ్న అదే అనిపించింది. మీరు కూడా ప్రతి మెట్టు దగ్గరా అదే అడగండి.

మళ్లీ కాగితానికి వద్దాం. వాన నీటిని మీరు పోల్చాల్సింది ట్యాంకర్ ధరతో. మంజీర బిల్లుతో పోలిస్తే (హైదరాబాద్‌లో నల్లాకు వచ్చేవి కృష్ణా నీళ్లయినా గోదావరి నీళ్లయినా మనకు మంజీరే) వాన నీటికి విలువే కనబడదు, పైగా 2021 నుంచి నెలకు ఇంటికి 20 వేల లీటర్లు ఉచితం కూడా. కానీ ఏప్రిల్‌లో మీకు తక్కువ పడే ఆ ఆఖరి ఐదు వేల లీటర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ట్యాంకర్ నుంచే. అలాంటప్పుడు మీరు మిగిల్చుకునే ప్రతి లీటరుకూ ఆ ధరనే విలువగా వేసుకోవాలి.

వాన లెక్క

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఇంతకు మించి ఫార్ములా ఏమీ లేదు. హైదరాబాద్‌కు ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు వేసుకోండి. మీ డాబా 300 చదరపు మీటర్లయితే, అంటే గజాల్లో దాదాపు 360, మొత్తం 2,40,000 లీటర్లు. ఆవిరయ్యేది, మొదటి వానకు కొట్టుకొచ్చే మురికి, పైపుల దగ్గర పోయేది తీసేసి 80 శాతం పట్టుకుంటే 1,92,000. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే 38.

ఈ 38 అనే అంకె మీటింగ్‌లో చెబితే అందరి ముఖాలూ వెలుగుతాయి. అక్కడే ఆపేయకండి, ఇంకో భాగహారం ఉంది. 25 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు (పట్టణాల నీటి సరఫరాకు మన దేశంలో వాడే లెక్క ఇది) అంటే రోజుకు 13,500 లీటర్లు. ఏడాదంతా మీ డాబా మీద పడిన వాన మీ అపార్ట్‌మెంట్‌కు సరిగ్గా 14 రోజులకు సరిపోతుంది. ఇంకుడు గుంత తవ్వితే ట్యాంకర్లు బంద్ అని ఎవరైనా మీకు కొటేషన్ ఇస్తుంటే, ఆయన ఈ భాగహారం చేయలేదన్నమాట, లేదా చేసి కూడా చెప్పట్లేదు.

ఇంకో చిక్కు, వాన పడేదేమో ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, మీకు నీళ్లు కావాల్సిందేమో మార్చి నుంచి. ఆరు నెలలు నీళ్లు దాచే సంపు ఎవరూ కట్టలేరు. 20 వేల లీటర్ల సంపు ఉంటే రెండు పెద్ద వానలకు నిండిపోతుంది, ఒకటిన్నర రోజులో అయిపోతుంది. అలా అని సంపు వద్దని కాదు, వానాకాలంలో బోరు మోటారు ఎంత తక్కువ నడిస్తే భూమిలో నీళ్లు అంత మిగులుతాయి, కాబట్టి డాబా పైపును ముందు సంపుకే ఇవ్వండి, సంపు నిండాక పొంగేది గుంతలోకి, గుంత నిండాక పొంగేది బయటికి. ఈ వరుస మార్చకండి.

సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు దాచిపెట్టగలిగిన బ్యాంకు ఒక్కటే, భూమి. అయితే అది జాయింట్ ఖాతా.

నేల సంగతి

మన ఊరు గ్రానైట్ మీద కూర్చుంది. గచ్చిబౌలిలోనో జూబ్లీహిల్స్‌లోనో మిగిలిన బండరాళ్లు చూస్తే చాలు. పైన కొంచెం మట్టి, దాని కింద మొరం, ఆ కింద బండ. నీళ్లు నిలిచేది మొరంలోనూ, బండలోని పగుళ్లలోనూ. ఇసుక నేలల్లో మాదిరి ఎక్కడ పోస్తే అక్కడ ఇంకదు. మీరు మీ గుంతలో పోసింది మీ బోరుకే వస్తుందన్న గ్యారంటీ కూడా లేదు, పగులు ఎటు వాలితే అటు పోతుంది, చాలాసార్లు పల్లంలో ఉన్న పక్కవాళ్ల బోరు వైపు.

కాబట్టి కాంట్రాక్టర్‌ను పిలిచే ముందు ఒక పని చేయండి. గుంత తవ్వాలనుకున్న చోట మోకాలి లోతున చిన్న గుంట తీయించి, నీళ్లు నింపి, మొత్తం ఇంకిపోనివ్వండి. మళ్లీ నింపి, గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలు పెట్టి చూడండి. మొదటిసారి నింపినప్పుడు పొడి మట్టి ఎలాగూ తాగుతుంది, అందుకే రెండోసారి లెక్కే తీసుకోవాలి. రెండు మూడు చోట్ల చూడండి. ఒకే కాంపౌండ్‌లో ఒక మూల గంటలో ఖాళీ అవుతుంది, ఇంకో మూల సాయంత్రం దాకా అద్దంలా అలాగే నిలబడి ఉంటుంది. సాయంత్రం దాకా నిలబడిన చోట మామూలు గుంత తవ్వి డబ్బు పోసుకోకండి, మొరం తగిలేదాకా లోతుకు పోవాల్సి ఉంటుంది.

మేం ఈ పరీక్ష చేయలేదు. మొదటిసారి ఒక మేస్త్రి, ఖాళీ ఎక్కడుంది అని చూసి, డ్రైనేజీ లైను పక్కనే తవ్వేశాడు. కింద కంకర బదులు కూల్చిన గోడల ముక్కలు పోశాడని రెండేళ్లకు తెలిసింది, అప్పటికే బురద కట్టేసి దోమల తొట్టిలా తయారైంది. కాబట్టి నింపే రోజు ఎవరో ఒకరు దగ్గరుండండి. కింద సగం దాకా 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం, ఆ పైన దొడ్డు ఇసుక, పై భాగం కొంత ఖాళీ. నీళ్లు గుంతలోకి దిగే ముందు మట్టి, ఆకులు ఆగేలా చిన్న తొట్టి ఒకటి. డ్రైనేజీకి, సెప్టిక్ ట్యాంకుకు వీలైనంత దూరం.

రెండు మీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంత 8,000 లీటర్లు పడుతుందని చెబుతారు. కంకర పోశాక ఖాళీ ఉండేది అందులో 40 శాతం, అంటే మూడు వేల పైచిలుకు. ఇప్పుడు 2020 అక్టోబర్ 13 గుర్తు చేసుకోండి, బేగంపేటలో ఒక్కరోజులో 19 సెంటీమీటర్లు. అలాంటి రోజు మీ 300 మీటర్ల డాబా మీద 57,000 లీటర్లు పడతాయి. ఒక్క గుంత దాన్ని ఏం ఆపుతుంది? ఏమీ ఆపదు. మామూలు వానను ఇంకిస్తుంది, గట్టి వానలో మొదటి పావుగంట భారాన్ని తగ్గిస్తుంది, అంతే. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత తిట్లు తప్పుతాయి.

ఎండిపోయిన బోరు ఉంటే పారేయకండి. దాని చుట్టూ గుంత తీసి, కేసింగ్‌కు చిల్లులు పెట్టి జాలీ చుట్టి, డాబా నీళ్లు వడకట్టి వదిలితే లోపలి పగుళ్లకు నేరుగా చేరతాయి. పార్కింగ్ నీళ్లు, రోడ్డు నీళ్లు మాత్రం అందులోకి అస్సలు పోనివ్వకండి, ఆయిల్, మురికి నేరుగా భూగర్భజలంలో కలుస్తాయి, మళ్లీ దాన్ని కడిగే మార్గం లేదు.

ఇప్పుడు డబ్బు

ఉదాహరణకు అనుకుందాం, అంకెలు మీవి మీరు వేసుకోండి. రెండు గుంతలు, పైపులు, పార్కింగ్‌లో వేసే గడ్డి పలకలు (మధ్య ఖాళీల్లో గడ్డి మొలిచి నీళ్లు ఇంకేవి) కలిపి లక్ష రూపాయలు, పదేళ్లు పనిచేస్తాయి, ఏటా శుభ్రం చేయించడానికి ఐదు వేలు. ఆ లక్షను పదితో భాగించి ఏడాదికి పది వేలే కదా అనకండి, అదే లక్ష ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే వడ్డీ వచ్చేది. 7 శాతం వేసుకుంటే అసలు, వడ్డీ కలిపి పదేళ్లపాటు ఏటా సుమారు 14 వేలు. శుభ్రం ఖర్చుతో కలిపి 19 వేలు. ఇది మీ ఖర్చు.

లాభం వైపు, వేసవిలో వారానికి ఒక ట్యాంకర్ తగ్గింది అనుకుందాం. మార్చి నుంచి జూన్ దాకా 17 వారాలు, ట్యాంకర్ వెయ్యి అయితే 17 వేలు. రెండు వేలు నష్టం! ఇక్కడే చాలామంది ఫైలు మూసేస్తారు.

ఇంకో వరుస రాయండి. సెల్లార్‌లోకి నీళ్లు వస్తే ఏమేం పోతాయి? లిఫ్ట్ కింద గొయ్యిలో ఉండే సామాను, మోటారు, ప్యానెల్ బోర్డు, నాలుగైదు బండ్లు. అంతా కలిపి రెండు లక్షలు, పదేళ్లకోసారి అనుకుంటే సగటున ఏడాదికి 20 వేల రిస్కు మీ నెత్తి మీద ఉన్నట్టే, ఎవరూ బిల్లు ఇవ్వరు కాబట్టి కనబడదు. గుంతలు, పార్కింగ్‌లో సిమెంటు కొంత తీసేసి వేసిన గడ్డి పలకలు కలిసి దాన్ని పావు వంతు తగ్గించినా ఐదు వేలు. ఇప్పుడు లాభం 22 వేలు, ఖర్చు 19 వేలు. పెద్ద లాభమేం కాదు, కానీ నష్టం లేదు. ఈ పావు వంతు అన్నది నా అంచనా, మీ సెల్లార్ రోడ్డుకంటే ఎంత పల్లంలో ఉందో చూసి మీరు మార్చుకోండి. రోడ్డు మీద నుంచే నీళ్లు లోపలికి దూకుతుంటే గుంతలకంటే ముందు ర్యాంపు దగ్గర గడప ఎత్తు పెంచండి, అది చవక.

డబ్బు ఎవరు పెట్టాలి అన్న దగ్గర అసలు గొడవ మొదలవుతుంది. ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లో పోతుంది, అంటే కట్టేది అద్దెకున్నవాళ్లు. గుంత ఖర్చు కార్పస్ ఫండ్‌లోంచి పోతుంది, అది ఓనర్లు కట్టి దాచిన నిధి. ఓనరేమో అమెరికాలోనో, ఊరవతలో ఉంటాడు, ఆయనకు ట్యాంకర్ ఎన్నిసార్లు వచ్చిందో ఏం తెలుస్తుంది? మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ వస్తుంది, డబ్బులు రావు. ఆయనకు ఆయన భాషలోనే చెప్పండి: వేసవిలో నీళ్ల ప్రాబ్లం ఉన్న బిల్డింగ్ అని పేరు పడితే ఫ్లాట్ రెండు నెలలు ఖాళీగా ఉంటుంది, ఆ రెండు నెలల అద్దె ఎంతో ఆయన్నే లెక్క చూసుకోమనండి. మేం ఇంకో పద్ధతి కూడా పెట్టాం, ముందు కార్పస్ నుంచి తీసి, ట్యాంకర్లలో మిగిలిన దాంట్లో సగం రెండేళ్లపాటు కార్పస్‌కు తిరిగి జమ చేయడం. అద్దెకున్నవాళ్లకు మెయింటెనెన్స్ కొంచెం తగ్గింది, ఓనర్లకు డబ్బు వెనక్కి వస్తోంది, ఎవరూ పెద్దగా అరవలేదు.

ఇక "మన నీళ్లు పక్కోళ్ల బోరులకు పోతయ్ కదా అన్నా" అనే మాట. ఇది తప్పకుండా వస్తుంది, తోసిపుచ్చకండి, ఎందుకంటే నిజమే. ఎవరి గుంత వాళ్లు తవ్వితే కొంత లాభం కారిపోతుంది, అందుకే ఎవరూ ముందుకు రారు, రానందుకే అందరి బోర్లూ వెయ్యి అడుగులకు దిగాయి. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే, వీధి మొత్తం ఒకేసారి చేయడం. మీ నుంచి పోయేది పక్కవాళ్లకు, ఎగువవాళ్ల నుంచి పోయేది మీకు. పైగా జేసీబీ ఒక రోజు అద్దె ఒక గుంతకైనా ఆరు గుంతలకైనా ఒకటే, కంకర లారీ లోడు తెప్పిస్తే రేటు తగ్గుతుంది. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడకు 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ ఇచ్చింది ఇలాంటి విషయానికే, ఉమ్మడి వనరును వాడుకునేవాళ్లే కూర్చుని నియమాలు పెట్టుకుని, ఒకరిపై ఒకరు కన్నేసి ఉంచితే నడుస్తుందని ఆమె ఎన్నో ఊళ్ల ఉదాహరణలతో చూపించారు. మన వీధి వాట్సాప్ గ్రూపు గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు ఆపి ఈ పనికి వాడొచ్చు. ముందు ఎగువన ఉన్న మూడు నాలుగు బిల్డింగులను ఒప్పించండి. 300 గజాలు దాటిన ఇళ్లకు ఇంకుడు గుంత ఎలాగూ తప్పనిసరి అని నగర నీటి బోర్డు జలమండలి చెబుతూనే ఉంది కాబట్టి, తాఖీదు వచ్చాక పరుగెత్తేకన్నా ఇప్పుడే నయం అన్న మాట కొందరికి బాగా ఎక్కుతుంది.

డాబా, చెట్లు

డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, 600 గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి చేస్తూ. పాత బిల్డింగులకు ఎవరూ బలవంతం చేయరు గానీ, ఖర్చుకు తగ్గ ఫలితం మొదటి ఏప్రిల్‌లోనే తెలిసేది దీనికే. గొడవ ఒక్కటే, చల్లదనం పై అంతస్తువాళ్లకు, డాబా అందరిది. సగం పై అంతస్తువాళ్లు, సగం అసోసియేషన్ అని తేల్చేయండి. వేయించే ముందు పగుళ్లు పూడ్చండి, ఏటా ఫిబ్రవరిలో దుమ్ము కడగండి, దుమ్ము పట్టిన తెలుపు తెలుపు కాదు.

చెట్ల లెక్క కొంచెం వేరు. మొక్క నర్సరీలో చవకగానో ఉచితంగానో దొరుకుతుంది, అసలు ఖర్చు మొదటి రెండు మూడు వేసవుల్లో నీళ్లు, కంచె, పోసే మనిషి. అందుకని వంద మొక్కలు నాటి ఫొటో దిగేకన్నా, వాచ్‌మన్‌కు నెలకు కొంత అదనంగా ఇచ్చి పది మొక్కలు బతికించండి. వేప, కానుగ, నేరేడు ఇక్కడి ఎండకు తట్టుకుంటాయి. రావి, మర్రి గోడ పక్కన వద్దు. పచ్చ తురాయి చూడ్డానికి బాగుంటుంది, గాలివానకు కొమ్మలు కార్ల మీద పడతాయి.

ఇందాకటి 7 శాతం వడ్డీ లెక్క చెట్టుకు వేస్తే మాత్రం చెట్టు ఓడిపోతుంది. ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే వంద రూపాయల నీడకు ఈ రోజు విలువ 13 రూపాయలే (ఈ రోజు 13 బ్యాంకులో వేస్తే అప్పటికి దాదాపు వంద అవుతాయి). అదే 1.4 శాతం వేస్తే 66 రూపాయలు. 2006లో బ్రిటన్ ప్రభుత్వం కోసం ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ వాతావరణ మార్పు మీద వేసిన లెక్కలో తీసుకున్నది ఈ 1.4 శాతమే, అది మరీ తక్కువ అని విలియం నార్డ్‌హాస్ లాంటివాళ్లు గట్టిగా వాదించారు, ఆయనకు 2018లో నోబెల్ కూడా వచ్చింది. పండితులకే తేలని సంగతి మన మీటింగ్‌లో తేలదు. నేనైతే పంపుకు, గుంతకు బ్యాంకు వడ్డీ వేస్తాను, చెట్టుకు వేయను. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు, ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు వచ్చాయి. ఏడు శాతం పెట్టి లెక్క చూసి ఉంటే వాటిని కట్టేవాళ్లు కారేమో.

ఇల్లు కొనబోతుంటే ఇవన్నీ పక్కన పెట్టి ముందు ఒక్కటి చూడండి, ఆ స్థలం ఏ చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), ఏ నాలా దారిలో ఉందని. పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా. నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. పాత పేర్లు కూడా చెబుతాయి, మాసబ్ ట్యాంక్ అంటున్నామంటే అక్కడ ఒకప్పుడు చెరువు ఉంది కాబట్టే. బ్రోకర్ ఎంత తగ్గించినా పల్లంలో కొన్న ఫ్లాట్‌ను ఏ ఇంకుడు గుంతా కాపాడదు.

గుంతలు తయారయ్యాక మీ పని ఏడాదికి రెండుసార్లే. మే నెలాఖరులో డాబా ఊడ్పించి, తొట్టిలో మట్టి తీయించి, పై ఇసుక పొర తీసి కడిగి మళ్లీ పోయించండి. రెండోది సెప్టెంబర్ చివర. మొదటి వాన పడిన పది పదిహేను నిమిషాలు పైపు బయటికి వదిలే బాధ్యత ఎవరిదో పేరు రాసి గోడకు అంటించండి, లేదంటే ఎవరూ వదలరు. బోరు మోటారు వేశాక ఎన్ని నిమిషాలకు నీళ్లు తగ్గి గాలి వస్తోందో నెలకోసారి, ఒకే టైముకు చూసి, అదే ట్యాంకర్ల పుస్తకంలో వెనక పేజీలో రాయించండి. మాకు మొదటి ఏడాది తేడా ఏమీ కనబడలేదు. రెండో ఏడాది మార్చిలో 40 నిమిషాలకు వచ్చే గాలి 55 నిమిషాలకు వచ్చింది, వానలు కూడా కాస్త బాగానే పడ్డాయి కాబట్టి గుంతల పుణ్యం ఎంతో విడదీసి చెప్పలేను. రెండో అంతస్తు అంకుల్ మాత్రం ఆ పేజీ ఫొటో తీసి గ్రూపులో పెట్టారు, కింద "పక్క బిల్డింగోళ్లను గుడ పిలువుండ్రి" అని రాసి.